బతుకమ్మ వాకిట్లో, నాణెం అద్దం వెనక

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

దసరా సెలవుల నుంచి కార్తీకం దాకా మ్యూజియంలో కుటుంబాల కోసం కార్యక్రమాలు నడిపే బాధ్యత నీకప్పగించారనీ, ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పమనీ రాశావు. ముందు ఒక్క మాట గట్టిగా పెట్టుకో. పండుగ వాకిట్లో ఉండాలి, వస్తువు గదిలో ఉండాలి, మనుషులు ఆ రెండింటి మధ్య తిరగాలి. సందడిగా ఉంటుందని పూలూ దీపాలూ గదుల్లోకి తెస్తే నష్టపోయేది వస్తువే. గదుల్లోకి ఎవరినీ పంపకుండా బయట పండుగ చేసి ఇళ్ళకు పంపిస్తే, దానికి మ్యూజియమే అక్కర్లేదు, ఏ ఫంక్షన్ హాలైనా సరిపోతుంది.

తేదీల సంగతి ముందు చూసుకో. భాద్రపద అమావాస్యనాడు ఎంగిలిపూలతో బతుకమ్మ మొదలై, తొమ్మిదో రోజు సద్దులతో ముగుస్తుందని అందరికీ తెలుసు. కానీ వేములవాడలో ఏడో రోజే సద్దులు. మీ కరీంనగర్ వైపు ఊళ్ళల్లో ఈ తేడా ఉంది కాబట్టి, కరపత్రం అచ్చుకిచ్చే ముందు చుట్టుపక్కల నాలుగూళ్ళ పెద్దమ్మలను అడుగు. తిథి రెండు రోజులమీద పడ్డ ఏడాది గుడి పంచాంగం కూడా చూడు. సద్దుల రోజు ఏ కార్యక్రమమూ పెట్టకు. ఆ రోజు ఆడవాళ్ళకు పొద్దున పూల పని, మధ్యాహ్నం సద్దుల పని, సాయంత్రం ఆట. మ్యూజియానికి ఎవరూ రారు. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆ రోజు బతుకమ్మను పేర్చరు. పూల పని లేని ఆ రోజును గదుల్లో జరిగే కార్యక్రమానికి ఉంచుకో. ఆ రోజు పూలతో ఏదైనా చేయిద్దామని మాత్రం ఎవరన్నా ఒప్పుకోకు, వచ్చిన పెద్దవాళ్ళు నొచ్చుకుంటారు. మీ మ్యూజియానికి వారపు సెలవు ఏ రోజో కూడా కరపత్రంలో పెద్ద అక్షరాల్లో వేయించు. శుక్రవారం మూసే మ్యూజియాలు చాలా ఉన్నాయి, ఆ సంగతి తెలియక పిల్లలతో గేటుదాకా వచ్చి తిరిగిపోయిన కుటుంబం మళ్ళీ రాదు.

పూలు గదుల్లోకి ఎందుకు రాకూడదో నీ సిబ్బందికి కారణంతో సహా చెప్పు. వద్దంటే వినని వాళ్ళు కూడా కారణం చెబితే వింటారు. ఉన్నినీ పట్టునూ తోలునూ కొరికే పురుగుల్లో ఒక రకం పెంకుపురుగు ఉంది. పెద్ద పురుగు తినేది పూల పుప్పొడి. అది పూలతోపాటు లోపలికొచ్చి, బట్టల మడతల్లో గుడ్లు పెడుతుంది. నష్టం చేసేది ఆ గుడ్లలోంచి వచ్చిన పిల్లపురుగు. బంతిపూల తోరణం గది గుమ్మానికి కట్టినా అదే దారి. అందుకే తోరణం బయటి గేటుకు కట్టించు. నూనె దీపం మసి రాతి బొమ్మ మీద సన్నటి పొరగా దిగుతుంది, దానికి దుమ్ము అంటుకుంటే తుడిచినా పోదు.

బతుకమ్మ పేర్చడం నేర్పే పూటకు 15 కుటుంబాలు చాలు. ఒక్కో కుటుంబానికి అడుగు వెడల్పు తాంబాళం గానీ సిబ్బి గానీ, రెండు కిలోలకు తగ్గకుండా పూలు. గునుగు ఒక రోజు ముందే తెప్పించి, కాడలు ఒకే కొలతకు కోయించి, రంగుల్లో ముంచే పని ముందురోజు సాయంత్రమే ముగించు. రాత్రంతా ఆరనివ్వాలి. తడి రంగు గునుగు పిల్లల చేతికిస్తే ఆ చేతులు పోయేది గోడల మీదికీ అద్దాల మీదికీ. తంగేడు మాత్రం ఆ పొద్దునే రావాలి, తడిబట్టలో చుట్టి నీడన ఉంచాలి, లేకపోతే మధ్యాహ్నానికి వాడి రాలిపోతుంది. అడుగున గుమ్మడాకులు పరిచి, తంగేడు వరుసతో మొదలుపెట్టి, కాడలు లోపలికీ పూలు బయటికీ వచ్చేలా గుండ్రంగా పేర్చుకుంటూ పోవాలి. కొత్తవాళ్ళు పేర్చింది ఒరిగిపోయేది నడుమ బోలుగా వదిలేయడం వల్లే. ప్రతి రెండు వరుసలకూ నడుమ తరిగిన ఆకునూ కాడలనూ కూరి, అరచేత్తో నొక్కమను. పై వరుసకు వచ్చేసరికి గుండ్రం తగ్గుతూ పోవాలి. మీద పసుపు గౌరమ్మ.

ఆ గౌరమ్మతోనే ఇంకో చిక్కు కూడా తీరుతుంది. గదిలో అమ్మవారి రాతి విగ్రహం కనబడితే పెద్దవాళ్ళు బొట్టు పెడతారు, పాదాలకు పసుపు రాస్తారు. వాళ్ళకది బొమ్మ కాదు, దేవుడు. వాళ్ళను కసురుకునే హక్కు మనకు లేదు. కానీ రాయికి సన్నటి రంధ్రాలుంటాయి, నూనే పసుపూ లోపలికి ఇంకితే కడిగినకొద్దీ మరక పరుచుకుంటుంది. కాబట్టి గది బయట, గుమ్మానికి ఎదురుగా, ఎత్తు పీట మీద గౌరమ్మను పెట్టి పక్కనే పసుపు కుంకుమ గిన్నెలుంచు. ‘అమ్మా, బొట్టు ఇక్కడ పెట్టి లోపలికి రండి’ అని చెప్పడానికి ఒక పెద్ద వయసు ఆమెను నిలబెట్టు. ఈ మాట కుర్రవాడు చెప్పడం వేరు, ఆమె చెప్పడం వేరు. విగ్రహానికి మీటరు దూరంలో తాడు కూడా కట్టించు.

పేర్చిన బతుకమ్మలను నీళ్ళలో వదలడానికి పిల్లలను చెరువు గట్టుకు తీసుకుపోవద్దు. వాకిట్లోనే పెద్ద తొట్టి పెట్టు. ఆట ముగిశాక పూలను తీసి, దారాలు ఏరేసి, పెరట్లో గుంట తీసి ఎరువుకు వేయించు. తొట్టిలో నీళ్ళు ఆ రాత్రే ఒంపేయాలి.

ఇప్పుడు గదిలోకి పోదాం. నా దృష్టిలో అసలు పని ఇక్కడే ఉంది. ఒక పూటకు ఒకే వస్తువు. మ్యూజియమంతా చూపిస్తానంటే పిల్లలు పది నిమిషాల్లో పరుగెత్తి బయటికొస్తారు. మీ ప్రాంతానికి నాణెం కంటే మంచి వస్తువు లేదు. శాతవాహనుల కాలపు ఊళ్ళు కోటిలింగాల, ధూళికట్ట, పెద్దబంకూరు మీ చుట్టూనే ఉన్నాయి, ఆ వంశపు తొలి రాజుగా చెప్పే చిముకుని నాణేలు దొరికింది కోటిలింగాలలో. అయితే ఆ నాణెం రూపాయి బిళ్ళంత కూడా ఉండదు, అద్దం వెనక నల్లగా ఉంటుంది, పక్కనుంచి నడిచిపోయేవాళ్ళ కంటికి ఆనదు. కాబట్టి దాని ఫొటోను అర మీటరు వెడల్పున అచ్చు వేయించి పక్కన పెట్టు. చేతి భూతద్దాలు నాలుగు, తాళ్ళు కట్టి ఉంచు. చిన్నపిల్లలకు జానెడు ఎత్తున్న వెడల్పాటి పీట ఒకటి చాలు, ఇరుకుగా ఉన్నది మాత్రం తిరగబడుతుంది. పిల్లల కోసం రాసే పలక నేలనుంచి 90 సెంటీమీటర్ల ఎత్తులో ఉండాలి, 40 మాటలు దాటకూడదు.

అసలు నాణెం ఎవరి చేతికీ ఇవ్వొద్దు, ఎంత పెద్ద అతిథి అడిగినా సరే. శాతవాహనుల నాణేల్లో చాలావాటిది సీసం, ఇంకా చాలావాటిది రాగి, తగరం, సీసం కలిసిన పోటిన్ లోహం. చెమట లోహాన్ని తింటుంది, సీసం పిల్లలకు మంచిది కాదు. సీసం నాణేలు పెట్టిన బీరువా ప్లైవుడ్‌దైతే పండుగల తర్వాత తీరిగ్గా దాన్ని మార్పించు. కొత్త కర్రా, దాని జిగురూ వదిలే ఆమ్లపు ఆవిరికి సీసం తెల్లగా పొడి బారుతుంది.

పిల్లలకు వివరాలు చెప్పకు, అడుగు. నాణెం మీది ఏనుగు తొండం పైకుందా, కిందికుందా? వెనకవైపు అడ్డగీత, నిలువుగీత కలిసిన చోటునుంచి నాలుగు కొసలకూ ఏమున్నాయి? నాలుగు సున్నాలు చూసినవాడికి ఉజ్జయిని గుర్తు ఇక మరుపురాదు. తర్వాత అంచున ఉన్న అక్షరాల దగ్గరికి రా. అది బ్రాహ్మీ లిపి, భాష ప్రాకృతం. బ్రాహ్మీలో ‘క’ కూడిక గుర్తులా ఉంటుంది. ‘గ’ ఇంటి పైకప్పులా రెండు వాలు గీతలు. ‘ర’ ఒక్క నిలువుగీత. ‘న’ అడ్డగీత మీద నిలబెట్టిన నిలువుగీత. ఈ నాలుగూ వస్తే కనక, నగర, గగన అని ఆరేళ్ళ పిల్ల కూడా రాసేస్తుంది. తాతకు తెలియని లిపి మనవరాలికి వచ్చిందంటే ఆ కుటుంబం మిగతా గదులు తానే చూసుకుంటూ పోతుంది.

ఆ తర్వాత బయటికొచ్చి ముద్ర కొట్టించు. కావలసినవి బట్టల సబ్బు సగం ముక్క, ఇంకు అయిపోయిన పెన్ను రీఫిల్లు, కుమ్మరి మట్టి. మట్టి పిల్లకు 50 గ్రాములు లెక్క, 40 మందికి రెండు కిలోలు, వృథా కలుపుకుని మూడు తెప్పించు. సబ్బు మీద రీఫిల్లుతో 2, 3 మిల్లీమీటర్ల లోతున గీయమను. మట్టిని ఉండ చేసి, చిటికెనవేలు మందాన నొక్కి, పైన పలచగా బూడిద చల్లి సబ్బును అద్దితే అక్షరం ఉబ్బెత్తుగా లేస్తుంది. మొదట ‘కనక’ చెక్కించు. కుడినుంచి చదివినా ఎడమనుంచి చదివినా అదే మాట, పైన నేర్పిన నాలుగు బ్రాహ్మీ అక్షరాలూ అద్దంలో చూసినా మారవు కాబట్టి ముద్ర సరిగ్గానే పడుతుంది. తర్వాత ‘నగర’ చెక్కించు. అది ‘రగన’ అని పడుతుంది. ఎందుకలా పడిందో చెప్పేయకు, ఐదు నిమిషాలు ఆగు. అచ్చు చెక్కేవాడు తిరగేసి చెక్కాలని పిల్లలే కనిపెడతారు. ఆ ఐదు నిమిషాల కోసమే ఈ ఏర్పాటంతా.

మట్టి అంటుకుంటే తడి ఎక్కువైనట్టు, అంచులు పగిలితే తక్కువైనట్టు. బిళ్ళ వెనక చీపురుపుల్లతో పేరు రాయించి, కాగితంలో చుట్టి ఇచ్చి, రెండు రోజులు నీడన ఆరబెట్టమని చెప్పు. ఎండలో పెడితే వంకర పోతుంది. చేతులు వాష్‌బేసిన్‌లో కడగనివ్వకు, గొట్టం పూడిపోతుంది. రెండు బకెట్లు పెట్టి ఆ నీళ్ళు చెట్లకు పోయించు. వరుస మారకూడదు: చూడ్డం, చేయడం, చేతులు కడగడం, తినడం, ఇంటికి పోవడం. మట్టి చేతులతో గానీ, అట్లతద్దె ముందురోజు తడి గోరింటాకు చేతులతో గానీ గదిలోకి ఎవరూ పోకూడదు.

ఒక జట్టుకు 40 మంది, గదిలో 40 నిమిషాలు, ఎనిమిది మంది పిల్లలకు ఒక కార్యకర్త. జట్టుకూ జట్టుకూ మధ్య 20 నిమిషాలు ఖాళీ ఉంచు. ముసలివాళ్ళకు గదిలోనే నాలుగు కుర్చీలు వేయించు. విసుర్రాయి, కవ్వం, ఇత్తడి బిందెలున్న గదిలో వాళ్ళకు మించిన గైడు లేడు. వాళ్ళు చెప్పేది వాళ్ళ అనుమతితో ఫోన్‌లో రికార్డు చేసుకో. పిల్లల ఫొటోలు ఎక్కడైనా పెట్టేముందు తల్లిదండ్రులను అడగాలి.

చేర్యాల పటం కథ చెప్పేవాళ్ళను గానీ, ఒగ్గు కళాకారులను గానీ పిలుస్తావు కదా. వాళ్ళ పారితోషికం ముందే మాట్లాడుకుని, ఆట ముగిసిన రోజే, దారిఖర్చుతో కలిపి చేతికివ్వు. శాలువా కప్పితే కప్పు, శాలువాతో సరిపెట్టకు. డోలు మోత గోడకు 25 మీటర్ల అవతలే ఉండాలి. ఆ అదురుకు గాజు అరల మీద చిన్న వస్తువులు మెల్లగా జరుగుతాయి, అంచుదాకా వచ్చాకగానీ ఎవరికీ కనబడవు. డీజే బాక్సులైతే అసలే వద్దు. మైకు రాత్రి పదికి ముందే ఆపాలి.

వాన సంగతి మరిచిపోవద్దు, ఆ రోజుల్లో ఎప్పుడైనా పడుతుంది. షామియానా ఒక వాలుగా కట్టించు, చదునుగా కడితే నడుమ నీళ్ళు నిలిచి చిరుగుతుంది. గుంజలు పాతే చోటు నువ్వే నిలబడి చూపించు, పాత ఇటుక కట్టడం దాపుల్లో గడ్డపార పడకూడదు. తడి గొడుగులు గుమ్మం బయటే డ్రమ్ములో పెట్టించు. 50 మందికి రెండు గంటలకు 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు రెండు. ఆడవాళ్ళ టాయిలెట్ తాళం తీసి ఉందా, నీళ్ళొస్తున్నాయా, చెత్తబుట్ట ఉందా అని పొద్దున్నే నువ్వే వెళ్ళి చూడు. ఇది బాగా లేకపోతే ఎంత మంచి కార్యక్రమమైనా తల్లులు పిల్లలను తీసుకుని మధ్యలోనే వెళ్ళిపోతారు.

కార్తీకంలో వనభోజనాలు పెడదామన్నావు. ఆవరణలో ఉసిరిచెట్టు ఉంటే అంతకంటే ఏం కావాలి. వంట ఇళ్ళల్లోనే చేసుకుని తెచ్చుకోమను, ఆవరణలో పొయ్యి వద్దు. కోతులున్న చోట అన్నం గిన్నెలు మూతలతో ఉండాలి, కర్రతో ఇద్దరిని కాపలా పెట్టాలి. విస్తరాకులు ఆ సాయంత్రమే బయటికి పోవాలి. ఒక్క రాత్రి మెతుకులు మిగిలినా ఎలుకలకు దారి తెలుస్తుంది, అవి తర్వాత వచ్చేది తాళపత్రాల గదికే. నవంబర్ 19 నుంచి 25 దాకా ప్రపంచ వారసత్వ వారోత్సవాలు, వనభోజనం ఆ వారంలో పడేలా చూస్తే బడులను కూడా కలుపుకోవచ్చు.

ప్రతి కార్యక్రమం ముగిశాక ఆ రాత్రే గదులన్నీ టార్చి వేసి తిరుగు. అద్దాల మీద చేతి మరకలు, అరల్లో జరిగిన వస్తువులు, మూలల్లో పూరేకులు చూడు. గోడల అడుగున జిగురు అట్టలు పెట్టి వారం తర్వాత ఏ పురుగులు పడ్డాయో లెక్కపెట్టు. ఎంతమంది వచ్చారు, మట్టి ఎంత మిగిలింది, ఏ గంటకు పిల్లలు విసిగారు, అన్నీ ఒక నోటుపుస్తకంలో రాయి. తంగేడు పూలు వేళకు తెచ్చిన ఆమె ఫోన్ నంబరు కూడా అందులోనే రాసి పెట్టుకో.