రెక్క మూసేముందు దీపం సంగతి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. నువ్వు కడుతున్న విమానం ఎడమ రెక్కకు రిబ్బులు (రెక్కకు ఆకారమిచ్చే అడ్డపట్టీలు) కూర్చడం అయిపోయిందని, పై రేకుకు రివెట్లు కొట్టడమే మిగిలిందని చదివి చాలా సంతోషించాను. ల్యాండింగ్ లైటు, అంటే రాత్రి దిగేటప్పుడు నేలను చూపే దీపం, ఏది కొనాలో చెప్పమని చివర్లో ఒక్క వాక్యం రాశావు. నేను దానికే పెద్ద జవాబు రాస్తున్నాను. ఆ రేకు ఒకసారి మూసుకుపోతే, దీపం విషయంలో నీ చేతిలో ఉండేది చాలా తగ్గిపోతుంది. ఇది చదవడం పూర్తయ్యేదాకా రివెట్ గన్ పక్కన పెట్టు.

ఏ దీపం కొనాలన్నది నువ్వు అడిగిన ప్రశ్న. అది ఎటు చూడాలన్నది దానికంటే పెద్ద ప్రశ్న. నేను కట్టిన మొదటి విమానానికి తోక చక్రం ఉండేది. హ్యాంగర్‌లో తోక ఎత్తి, విమానాన్ని మట్టంగా నిలబెట్టి, వెలుగు ఎదురుగోడకు తిన్నగా తగిలేలా దీపం బిగించాను. మొదటి రాత్రి రన్‌వేకు ఎదురుగా వచ్చేసరికి గీతలు, అంచున గడ్డి, అన్నీ చక్కగా కనిపించాయి. చక్రాలు నేలకు రెండు మూడు మీటర్ల ఎత్తులో ఉండగా, ముక్కును లేపే కంట్రోల్ కర్రను వెనక్కి లాగాను. ముక్కు లేచింది. ఆ తెల్లటి వెలుగు నా ముందు నుంచి జారి రన్‌వే చివరికి పరుగెత్తింది, అక్కడి నుంచి చెట్ల మీదికి ఎక్కి ఆకాశంలో కలిసిపోయింది. నేల ఎక్కడుందో తెలియాల్సిన క్షణంలోనే నేల కనిపించలేదు. రన్‌వే అంచు దీపాలను పట్టుకుని దిగాను గానీ, గట్టిగా తగిలి చక్రం కాలు వంగింది. దీపంలో లోపం లేదు, దాన్ని బిగించిన కోణంలో ఉంది.

నీది ముక్కు చక్రం విమానం కాబట్టి అంత తేడా రాదు, కానీ లెక్క అదే. విమానం ఎగరడం మొదలయ్యాక పగటిపూట నాలుగైదు సార్లు దిగు. దిగే దారిలో ముక్కు ఎన్ని డిగ్రీలు వాలి ఉంది, నేలకు తగిలే ముందు ఎన్ని డిగ్రీలు లేచింది, రెండూ రాసుకో. ఉదాహరణకు, దిగేటప్పుడు 2 డిగ్రీలు కిందికి, చివర్లో 5 డిగ్రీలు పైకి అనుకుందాం. దిగే దారి వాలు సుమారు 3 డిగ్రీలు. నీకు రెండు దీపాలు కావాలి. మొదటిది ఆ దారి వెంటే చూడాలంటే విమానం మట్టం గీతకు 1 డిగ్రీ కిందికి వంగి ఉండాలి. కానీ ముక్కు 5 డిగ్రీలు లేచిన క్షణంలో అదే దీపం 4 డిగ్రీలు ఆకాశంలోకి చూస్తుంది. కాబట్టి రెండో దీపాన్ని మట్టానికి 6 డిగ్రీలు కిందికి వంచు. ముక్కు లేచాక అది 1 డిగ్రీ కిందికి చూస్తూ, మీటరు ఎత్తులో ఉంటే 57 మీటర్ల దూరంలో నేలను తాకుతుంది. టాక్సీ చేసేటప్పుడూ, అంటే విమానాన్ని నేల మీద నడిపేటప్పుడూ, ఈ రెండో దీపమే పనికొస్తుంది, అందుకే దాని వెలుగు అడ్డంగా వెడల్పుగా పరుచుకునే రకం కావాలి.

గోడ మీద కొలవడం సులువు. విమానాన్ని మట్టంగా నిలబెట్టి, దీపం నుంచి 8 మీటర్ల దూరంలో గోడ ఉండేలా చూసుకో. దీపం ఎంత ఎత్తులో ఉందో అంతే ఎత్తులో గోడ మీద సుద్దతో గీత గీయి. ఆ దూరంలో 1 డిగ్రీ అంటే 14 సెంటీమీటర్లు, 6 డిగ్రీలంటే 84. చీకటి పడ్డాక వెలుగు నడిబొడ్డు ఆ గుర్తుల మీద పడేదాకా స్క్రూలు తిప్పు. ఇది రేకు మూసిన తర్వాత చేసే పని కాబట్టి, దీపం వెనుక పలకను బయటి నుంచి మూడు స్క్రూలతో సర్దేలా ఇప్పుడే అమర్చుకో.

ఇక వెలుగు లెక్క. డబ్బా మీద ల్యూమెన్లు పెద్ద అక్షరాల్లో ఉంటాయి, వాటికి లొంగకు. ల్యూమెన్ అంటే నలుదిక్కులా వెదజల్లిన మొత్తం వెలుగు. నీకు కావాల్సింది ఒక దిక్కులో ఎంత గట్టిగా కొడుతుందన్నది, దాన్ని క్యాండెలాలలో చెబుతారు. మా కాలంలో చాలా చిన్న విమానాలకు 4509 నంబరు సీల్డ్ బీమ్ దీపం (అద్దం, ఫిలమెంటు కలిపి ఒకే ముక్కగా మూసేసినది) ఉండేది. 4.5 అంగుళాల వ్యాసం, 100 వాట్లు, సుమారు 1,10,000 క్యాండెలా, ఆయుష్షు 25 గంటలు మాత్రమే. 3 డిగ్రీల దారిలో 30 మీటర్ల ఎత్తున ఉన్నప్పుడు నువ్వు దిగబోయే చోటు దాదాపు 570 మీటర్ల దూరంలో ఉంటుంది. అంత దూరాన ఆ దీపం వేసే వెలుగు లక్స్‌లో మూడో వంతు, అంటే నిండు పున్నమి వెన్నెల కంటే కాస్త ఎక్కువ. 10 మీటర్ల ఎత్తుకు దిగేసరికి అదే వెలుగు తొమ్మిదింతలవుతుంది. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుందన్న సూత్రం ఇక్కడ కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. కాబట్టి దారి వెంట చూసే మొదటి దీపం సన్నని కిరణం ఉన్నదై ఉండాలి. పది పన్నెండు డిగ్రీల వెడల్పు చాలు.

రకాల్లో నా ఓటు ఎల్‌ఈడీకే. ఫిలమెంటు దీపం ఇంజిన్ అదురుకు తెగుతుంది. జినాన్ దీపం వెలుగు బాగుంటుంది గానీ, పూర్తిగా వెలగడానికి కొన్ని సెకన్లు తీసుకుంటుంది, దాన్ని మిణుకుమనిపించడమూ కుదరదు. ఎల్‌ఈడీ తక్కువ కరెంటుతో వేల గంటలు వెలుగుతుంది. అయితే దానికి రెండు జబ్బులున్నాయి.

మొదటిది వేడి. ఎల్‌ఈడీ ముందు చల్లగా ఉన్నా వెనుక కాలిపోతుంది. ఆ వేడి అల్యూమినియం పలకలోకి, అక్కడి నుంచి రెక్క రేకులోకి పారే దారి ఉండాలి. నీ రెక్క లోహానిది కాబట్టి పలకను రిబ్బుకు అంటించి బిగిస్తే ఆ దారి దొరుకుతుంది. రెండో జబ్బు రేడియోకు సంబంధించినది. ఎల్‌ఈడీకి కరెంటును అదుపు చేసే డ్రైవర్ సర్క్యూట్ సెకనుకు వేల, లక్షల సార్లు ఆగి సాగుతుంది, దాని గోల రేడియోలోకి దూరుతుంది. మనం మాట్లాడే 118 నుంచి 137 మెగాహెర్ట్జ్ దాకా ఎక్కడైనా దూరవచ్చు. లారీలకు, జీపులకు అమ్మే దీపాలు వాడేవాళ్లకు ఈ బాధ ఎక్కువ. అందుకే బిగించకముందే పరీక్షించు. బల్ల మీద బ్యాటరీకి తగిలించి, పక్కన చేతి రేడియో పెట్టు, స్క్వెల్చ్ (మాటలు లేనప్పుడు రేడియో బుసను ఆపే మీట) పూర్తిగా తెరువు. దీపం వేసి ఆర్పుతూ, నువ్వు వాడే ఫ్రీక్వెన్సీలన్నిటి మీదా విను. బుసబుసల్లో ఏ కొంచెం మార్పు వినిపించినా ఆ దీపం నీ విమానానికి వద్దు. వైరుకు తొడిగే ఫెరైట్ పూసలు, లోహపు తొడుగున్న షీల్డ్ వైరు ఆ గోలను కొంత తగ్గిస్తాయి, కానీ గోల లేని దీపం కొనుక్కోవడమే నయం.

దీపం కూర్చోవడానికి రెక్క ముందంచును కోయడం గురించి నాకు నిజంగా బెంగగా ఉంది. అక్కడి రేకు ఊరికే గాలికి ఆకారం ఇచ్చేది కాదు. స్పార్‌తో, అంటే రెక్క పొడవునా ఉండే ప్రధాన దూలంతో, కలిసి పెట్టెలా మూసుకుని, రెక్క మెలితిరగకుండా కాపాడుతుంది. అందుకే రెండు రిబ్బుల మధ్యనే కోయాలి, ఏ రిబ్బునూ ముట్టుకోకూడదు, రంధ్రం చుట్టూ లోపలి నుంచి బలం పట్టీ రివెట్ చేయాలి. మూలలు గుండ్రంగా ఉండాలి. కోసిన అంచును ఆకురాయితో నున్నగా రుద్ది, వేలు పెట్టి తడిమి చూడు. ఎక్కడ గరుకు తగిలితే అక్కడే పగులు మొదలవుతుంది. డిజైనర్ డ్రాయింగుల్లో ఈ రంధ్రం లేకపోతే ఆయనకు రాసి, జవాబు వచ్చేదాకా ఆగు. అనుమతి రాకపోతే రెక్క కొసలో పెట్టు, అక్కడ బలం బాధ ఉండదు.

ఆ రంధ్రం మీది పారదర్శక మూతకు నేను యాక్రిలిక్ వాడతాను. పాలికార్బొనేట్ గట్టిదే గానీ పెట్రోలు ఆవిరి తగిలితే మసకబారి చిట్లుతుంది. యాక్రిలిక్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర తోలులా మెత్తబడుతుంది, అప్పుడు మెత్తని బట్ట కప్పిన అచ్చు మీద వాలిస్తే ముందంచు వంపు వచ్చేస్తుంది. దానికి మామూలు డ్రిల్లు బిట్ పనికిరాదు, కొరికి లాగేస్తుంది. కోసే అంచును రాయి మీద కాస్త మొద్దు చేసి, కింద చెక్క పెట్టి, మెల్లగా దించు. స్క్రూ కంటే రంధ్రం కొంచెం పెద్దదిగా ఉండాలి, ఎండకు మూత సాగుతుంది మరి. దీపం చుట్టూ ఉన్న గూటికి మెరుపు లేని నల్లరంగు వేయి, లేకపోతే రాత్రి ఆ వెలుగు నీ కళ్లలోకే తిరిగొస్తుంది.

వైర్లు ఇప్పుడే వేసెయ్యి. ఒక్కో దీపానికి విడిగా స్విచ్చి, ఫ్యూజు పెట్టు. ఎర్త్ కోసం రెక్క లోహాన్ని నమ్ముకోకుండా, పోయే వైరు, వచ్చే వైరు జతగా మెలిపెట్టి తెచ్చుకో. రేడియో గోల తగ్గడానికీ, దిక్సూచికీ అదే మంచిది. నీ డిజిటల్ దిక్సూచి సెన్సర్ రెక్క కొసలో పెడతానన్నావు కదా, అలాగైతే దీపం వేసి ఆర్పుతూ దిక్కు అంకె కదులుతోందో లేదో చూడు. కదిలితే సెన్సర్‌ను అక్కడి నుంచి తీసెయ్యి. వైర్లతో పాటు ఒక దారం కూడా లోపల వదిలిపెట్టు, రేపు ఇంకేదైనా లాగాలంటే అక్కరకొస్తుంది.

రెండు దీపాలూ ఒకటి మార్చి ఒకటి మిణుకుమనే ఏర్పాటు చేసుకుంటే, పగటిపూట ఎదురొచ్చే విమానానికి నువ్వు చాలా దూరం నుంచే కనిపిస్తావు. దిగే ముందు మాత్రం స్థిరంగా వెలిగేలా మార్చుకోవాలి.

రంధ్రం గుర్తు పెట్టాక, కోయకముందు, లోపలి రిబ్బులు కనిపించేలా ఒక ఫొటో తీసి పంపు. డిజైనర్ రాసిన జవాబు కూడా జతచెయ్యి. చూసి వెంటనే రాస్తాను.

ప్రేమతో
పెదనాన్న