మౌస్‌లు రెండైతే మైసా, మౌసెసా?

ప్రశ్న: మా పాప కంప్యూటర్ ల్యాబ్ గురించి రాస్తూ ‘టెన్ మౌసెస్’ అంది. టీచర్ కొట్టేసి ‘మైస్’ అని దిద్దారు. ఏది కరెక్టండీ?
– ఏడో తరగతి పాప తల్లి

జవాబు: రెండూ కరెక్టేనమ్మా, పాప రాసింది తప్పు కాదు. ఎలుకలకైతే మైస్ ఒక్కటే, కానీ కంప్యూటర్ మౌస్‌కి మైస్, మౌసెస్ రెండింటినీ డిక్షనరీలు ఒప్పుకుంటాయి. దాన్ని కనిపెట్టిన డగ్లస్ ఎంగెల్‌బార్ట్ 1968లో అమెరికాలో అందరి ముందూ ఆడించి చూపిన మౌస్‌కి తోకలా వైరు ఉండేది, పేరూ అలాగే వచ్చిందంటారు.

మరి హౌస్‌కి హైస్ అని ఎందుకు రాదు అంటారా, పాత ఇంగ్లీషులో కొన్ని మాటలు బహువచనంలో లోపలి అచ్చునే మార్చుకునేవి, ఫుట్–ఫీట్, టూత్–టీత్, గూస్–గీస్ లాగా, పేనుకి లౌస్–లైస్ కూడా అంతే. హౌస్ ఆ గుంపులోది కాదు.

నోట్లో నాలుక లేని మనిషినీ మౌస్ అంటారు. సమానార్థకమని ర్యాట్ మాత్రం రాయనివ్వకండి, మౌస్ అంటే చిట్టెలుక, ర్యాట్ పెద్దది. రోడెంట్ కూడా వద్దు, అది ఎలుకలాంటి కొరికే జంతువులన్నిటికీ పేరు, ఉడత కూడా వచ్చేస్తుంది. అన్నట్టు, ఇంగ్లీషువాళ్ల ‘బ్యాండికూట్’ అనే మాట మన ‘పందికొక్కు’ నుంచి వెళ్లిందే! ఈ సంగతి పాపకి తప్పకుండా చెప్పండి, చాలా సంతోషిస్తుంది.