ఇంటి మాట, పుస్తకం మాట

ప్రశ్న: మాది చెన్నై సైదాపేట. ఇంట్లో "వస్తా ఉండాడు, చెప్పినాడు, ఆడ పెట్టు" అంటాం. ఆదివారం తెలుగు తరగతిలో పాపకు "వస్తున్నాడు, చెప్పాడు, అక్కడ" అని నేర్పుతున్నారు. ఇప్పుడు మా మాట తప్పంటోంది. మేం మార్చుకోవాలా?

జవాబు: మార్చుకోవద్దమ్మా. "చెప్పిన"కు "వాడు" చేరి అయిన రూపమే మీ "చెప్పినాడు". పాత వ్యాకరణానికి "చెప్పాడు" కంటే అదే దగ్గర. పాప పుస్తకంలోది ఎక్కువగా కృష్ణా, గోదావరి జిల్లాల్లో చదువుకున్నవాళ్ల పలుకుబడి మీద నిలిచిన రాత భాష. మద్రాసులో తెలుగు పండితుడిగా పనిచేసిన చిన్నయసూరి 1858లో బాలవ్యాకరణం తెచ్చాడు. దాన్ని బట్టి చాలాకాలం బడిలో "వచ్చుచున్నాడు" అనే రాయాల్సి వచ్చేది. గిడుగు రామమూర్తి (1863-1940) లాంటివాళ్లు పోరాడాకే "వస్తున్నాడు"కు పాఠాల్లో చోటు దొరికింది.

పాప బడిలో తమిళం చదువుతుంటే మీ పని సగం అయినట్టే. నోటితో "వర్రాంగ" అంటుంది, పరీక్షలో "వరుగిరార్గళ్" అని రాస్తుంది. తెలుగుకూ అదే అలవాటు చేయండి. నోటుబుక్కు పేజీకి నిలువుగా గీత కొట్టి ఎడమవైపు ఇంటి మాట, కుడివైపు రాసే మాట రాయించండి. వారానికి ఐదారు క్రియలు చాలు, కానీ ఒక్కో క్రియను అన్ని రూపాల్లో రాయాలి: చేస్తా ఉండాను - చేస్తున్నాను, చేస్తా ఉండావు - చేస్తున్నావు, చేస్తా ఉండారు - చేస్తున్నారు. "తా ఉండా" ఉన్నచోట "తున్నా" వస్తుందని పాపే పట్టేస్తుంది.

చిక్కల్లా "ఆమె, అది" దగ్గరే. "వస్తా ఉండాది"కి అదే సూత్రం పెట్టి పిల్లలు "వస్తున్నాది" అని రాస్తారు. అక్కడ "వస్తోంది" లేదా "వస్తున్నది" అని రాయాలి. "ఉండాది" ఒక్కటే ఉంటే "ఉంది". ఈ రూపాలను విడిగా, నాలుగైదు వాక్యాల్లో పెట్టి రాయించండి.

రాసింది దిద్దండి, మాట్లాడేటప్పుడు మాత్రం ఆపి దిద్దొద్దు. అలా రెండుసార్లు ఆపితే మూడోసారి పిల్లలు తమిళంలోకో ఇంగ్లీషులోకో మారిపోతారు. అవ్వాతాతలతో తెలుగు అక్కడితో ఆగిపోతుంది. అది పెద్ద నష్టం.

ప్రశ్న: పెళ్లి శుభలేఖలో "విచ్చేసి ఆశీర్వదింప ప్రార్థన" అని ఇప్పటికీ వేయొచ్చా?

జవాబు: నిరభ్యంతరంగా. అయితే కిందనే "తప్పకుండా రండి" అని కలపకండి. మొత్తం ఒకే తీరులో నడపండి.