మాక్‌బెత్ చదువుతూ ఇంగ్లిష్ పదాలు నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న: కడపలో బీఏ చదువుతున్నా. ఇంటర్ దాకా తెలుగు మీడియమే. షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్‌లో తెలియని ప్రతి పదానికీ అర్థం రాసుకుంటుంటే నోట్సు నిండుతోంది గానీ వారం తిరిగేసరికి ఒక్కటీ గుర్తుండట్లేదు. ఏం చేయాలి?

జవాబు: తెలియని పదాల సంగతి తర్వాత. ముందు తెలిసినట్టే కనిపించేవాటితో జాగ్రత్త. మొదటి అంకం మూడో రంగంలో 'ఇన్ విచ్ అడిషన్, హెయిల్' అని వస్తుంది. అక్కడ అడిషన్ కూడిక కాదు, రాజు కొత్తగా ఇచ్చిన బిరుదు. 'సైట్‌లెస్' అంటే కంటికి కనపడనిది. ముగ్గురు మంత్రగత్తెలను పిలిచే 'వియర్డ్ సిస్టర్స్'లో వియర్డ్ అంటే వింత అనుకుంటారు, పాత ఇంగ్లిష్‌లో ఆ మాటకు విధి అని అర్థం. 'టేకింగ్ ఆఫ్' అన్నది డంకన్ రాజు హత్య గురించి, విమానం ఎగరడం గురించి కాదు! ఇవన్నీ పుట కింద వివరణలున్న ప్రతిలోనే సరిగ్గా దొరుకుతాయి. గైడ్లు కథ చెప్పి వదిలేస్తాయి.

రంగాన్ని మొదటిసారి డిక్షనరీ ముట్టకుండా పైకి చదవండి. సురభి పుట్టిన జిల్లా మనది, నాటకాన్ని చెవితో పట్టుకోవడం మనకు కొత్తేం కాదు. ఏం జరిగిందో తెలుగులో రెండు వాక్యాలు రాసుకున్నాకే పెన్సిల్ తీయండి. రంగానికి ఎనిమిది పదాలు చాలు. మొదటి అంకం ఏడో రంగం మొదట్లో మాక్‌బెత్ ఒక్కడే మాట్లాడే 28 పంక్తులున్నాయి. అందులో అసాసినేషన్, మీక్, స్పర్ పేపర్లోనూ పోటీ పరీక్షల్లోనూ ఎదురవుతాయి, ఉంచుకోండి. ట్రామెల్, సర్సీస్ అర్థమైతే చాలు, దాచుకోనక్కర్లేదు.

పదం పక్కన అర్థం ఒక్కటే రాస్తే నిలవదు. పంక్తి మొత్తం రాయండి. రెండో అంకం రెండో రంగంలో మాక్‌బెత్ తన చేతి నెత్తురు సముద్రాలను 'ఇన్‌కార్నడైన్' చేస్తుందంటాడు. నోరు తిరగని మాట. కానీ వెంటనే 'మేకింగ్ ద గ్రీన్ వన్ రెడ్' అని చిన్న మాటల్లో తనే విప్పి చెప్పేస్తాడు: పచ్చని నీళ్లన్నీ ఎర్రబారతాయని. ఒక్క పదమే ఎత్తి రాసుకుంటే ఈ సాయం పోతుంది.

అదే రంగంలో నిద్ర 'ర్యావెల్డ్ స్లీవ్ ఆఫ్ కేర్'ను సర్దుతుందంటాడు. ఇది చొక్కా స్లీవ్ కాదు. దానికి మధ్యలో రెండు 'ఈ'లు వరసగా ఉంటాయి, దీనికి 'ఈ' తర్వాత 'ఏ'. అర్థం పట్టుపోగులు. చిక్కుపడ్డ పట్టుదారం విడదీయడమంటే ఏమిటో ధర్మవరం మగ్గాల దగ్గర ఒక్క పూట కూర్చుంటే, క్లాసులో కన్నా బాగా తెలుస్తుంది.

రాసిన పంక్తిలో ఆ పదాన్ని వేలితో మూసి, ఆ రాత్రి ఒకసారి, మూడో రోజు, పదో రోజు చెప్పి చూడండి. పదో రోజూ తట్టకపోతే మళ్లీ బట్టీ పట్టొద్దు, ఆ రంగమే ఇంకోసారి పైకి చదవండి.