రాళ్ల గుట్ట మీద అడవి: మొక్కలు కొనే ముందు మోళ్లు చూడండి

నాలుగెకరాల రాళ్ల గుట్టలో మియావాకీ అడవి (మొక్కలు బాగా దగ్గర దగ్గరగా నాటి పెంచే పద్ధతి) పెంచాలి, ఎకరాకి ఎన్ని మొక్కలు పడతాయని అడిగారు. లెక్క తర్వాత. అక్కడ ఎప్పుడో నరికేసిన మోళ్లున్నాయేమో చూశారా?

మాది గిద్దలూరు వైపు, నల్లమల అంచు. తాతల నాటి మూడెకరాల గుట్ట. కట్టెలకి నరికి, మేకలు మేసి బోడిగా మిగిలింది. నేను చేసిన తెలివైన పని, జేసీబీతో ఎకరం చదును చేయించి కానుగ, వేప నాటించడం. వేసవి దాటేసరికి పదో వంతు కూడా బతకలేదు. తవ్విన చోట సర్కారు తుమ్మ మాత్రం ఏపుగా లేచింది.

డబ్బులైపోయి మిగతా రెండెకరాలు ముట్టుకోలేదు. చుట్టూ కంప వేసి మేకల్ని ఆపామంతే (మేకలు మా బాబాయివి, ఏడాది పాటు మాటల్లేవు). ఆ వానలకే బిల్లుడు, తునికి, మోదుగ పిలకలు వేశాయి. కొన్ని మోళ్ల నుంచి, కొన్ని నేలలోని వేర్ల నుంచే. పైన చెట్టు పోయినా కింద వేరు బతికే ఉంది. నాటిన మొక్క ముందు వేరు దింపుకోవాలి, వీటికి ఆ పని ఎప్పుడో అయిపోయింది. మూడో ఏటికి నా ఎత్తు దాటాయి.

ఒక్కో మోడుకి పది పన్నెండు పిలకలొస్తాయి. రెండో ఏడు దాకా ఆగి, నిటారుగా ఉన్న రెండు ఉంచి మిగతావి మొదలంటా కోయండి. కోసిన కొమ్మలు పొయ్యికి తేకుండా బోడి నేల మీద పరవండి, వాననీరు నిదానిస్తుంది. రేగు పొదలు పీకొద్దు. పిట్టలు వాలి రెట్ట వేసిన చోట వేప, బలుసు మొలుస్తాయి. ముళ్ల మధ్య మొలక మేక నోటికి అందదు.

అసలు టెన్షన్ నిప్పుతో. ఫిబ్రవరికల్లా దారి వైపు రెండు బారల వెడల్పున గడ్డి చెక్కేయాలి.

మియావాకీలో చదరపు మీటరుకి మూడు నాలుగు మొక్కలు నాటతారు. నీళ్లుంటే ఊరి పక్కన అరెకరానికి బాగుంటుంది. నాలుగెకరాల గుట్టకి ట్యాంకర్లు ఎక్కడ మోస్తారు? పైగా మన ఆకురాల్చే అడవి సహజంగానే పలచన, చెట్ల మధ్య గడ్డి ఉండాల్సిందే.

మోళ్ల ఫొటోలు పెడితే ఏ చెట్టో చెప్తాను. తొలకరి పడ్డాక పదిహేను రోజులాగి తీయండి, అంతకు ముందు తీస్తే ఎండు కర్రే కనిపిస్తుంది.