రోబో నడిపిస్తే నడక వచ్చినట్టేనా?

ప్రశ్న: మా బాబుకి ఆరేళ్ళు. నెలలు నిండకుండా 31వ వారంలో పుట్టాడు. సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడు దెబ్బతినడం వల్ల వచ్చే కదలికల సమస్య) అన్నారు, రెండు కాళ్ళూ బిగుసుకుంటాయి. మాటలు, చదువు బాగానే ఉన్నాయి. ఇంట్లో వాకర్ పట్టుకుని నడుస్తాడు, బయటికెళ్తే ఎత్తుకోవాల్సిందే. రోబో మీద నడిపిస్తే వాకర్ వదిలేస్తాడని హైదరాబాద్‌లో ఒక సెంటర్ వాళ్ళు చెప్పారు. ప్యాకేజీ డబ్బు మొత్తం ముందే కట్టాలట. ఉన్న అరెకరం తాకట్టు పెడదామని మావారు, వద్దని మా అత్తగారు. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, విజయనగరం జిల్లా

జవాబు: పొలం జోలికి ఇప్పుడే వెళ్ళకండమ్మా. ఈ విషయంలో నేను మీ అత్తగారి పక్షమే. అలాగని రోబో థెరపీ మోసమని కాదు. స్విట్జర్లాండ్ వాళ్ళ లోకోమాట్ లాంటి మెషిన్లలో పిల్లాడిని బెల్టులతో పైనుంచి వేలాడదీసి, బరువు కొంత తగ్గించి, ట్రెడ్‌మిల్ మీద నిలబెడతారు. తుంటి దగ్గర, మోకాలి దగ్గర ఉన్న మోటార్లు కాళ్ళను నడక వరసలో కదిలిస్తాయి. ఫిజియో చేత్తో పట్టుకుని నడిపిస్తే పది నిమిషాల్లో ఇద్దరూ అలిసిపోతారు, మెషిన్ మీద అరగంటలో వెయ్యికి పైగా అడుగులు పడతాయి. దాని బలం అదే, ప్రాక్టీసు ఎక్కువగా దొరకడం.

చిక్కల్లా వీడియోలతో. చూసేవాళ్ళకు బాబు నడుస్తున్నట్టే ఉంటుంది, కానీ మోటార్ల సాయం పూర్తిగా పెట్టేస్తే వాడు కునుకు తీసినా కాళ్ళు కదులుతూనే ఉంటాయి. ఆ సాయాన్ని తగ్గించుకుంటూ పోవచ్చు, తగ్గించే కొద్దీ పిల్లాడు సొంతంగా కష్టపడాలి, నేర్చుకునేది అప్పుడే. కాబట్టి సెంటర్ వాళ్ళను మొహమాటపడకుండా అడగండి, మా వాడికి మోటారు సాయం ఎంత పెడతారు, ఎన్ని వారాల్లో ఎంత తగ్గిస్తారు అని. దీనికి సూటిగా జవాబు రాకపోతే అక్కడితో ఆపేయండి.

ఇక అసలు సంగతి, వాకర్ వదిలేస్తాడా? మీరు రాసినదాన్ని బట్టి బాబు జీఎంఎఫ్‌సీఎస్ అనే కొలతలో మూడో స్థాయిలో ఉన్నట్టున్నాడు (చూడకుండా ఖాయంగా చెప్పలేను, మీ ఫిజియోని అడిగితే చెప్తారు). సీపీ పిల్లల కదలికలను ఐదు స్థాయిలుగా విడదీసే ఈ కొలత 1997లో కెనడాలో తయారైంది. ఒకటో స్థాయి పిల్లలు సాయం లేకుండా నడుస్తారు, ఐదో స్థాయి వాళ్ళకు తల నిలపడం కూడా కష్టం. మూడో స్థాయిలో ఉన్న పిల్లలు నడక, కదలికల్లో తమకు సాధ్యమయ్యే దానిలో సుమారు తొంభై శాతం నాలుగేళ్ళు నిండేలోపే అందుకుంటారని కూడా అక్కడి పరిశోధకులే 2002లో చూపించారు. వినడానికి కష్టంగా ఉంటుంది, తెలుసు. కానీ ఆరేళ్ళవాడు ఒక ప్యాకేజీతో వాకర్ వదిలేస్తాడని ముందే మాటిచ్చేవాళ్ళు మీ ఆశని అమ్ముకుంటున్నట్టే. కొంచెం వేగం, కొంచెం దమ్ము, నిలబడడంలో పట్టు, ఇవి రావచ్చు, ఇవీ చిన్నవి కావు. మెషిన్ సాయంతో నడిపించడం మీద వచ్చిన 17 అధ్యయనాలను, మొత్తం 451 మంది పిల్లలను కాక్రేన్ సంస్థ 2020లో కలిపి చూసింది. అసలు నడక ప్రాక్టీసే లేనివాళ్ళతో పోలిస్తే నడక వేగం కొద్దిగా పెరిగింది. బరువు తగ్గించి మెషిన్ మీద నడిపించినా, అంతసేపూ నేల మీదే నడిపించినా పెద్ద తేడా కనిపించలేదు.

డబ్బు కట్టే ముందు ఒక పని తప్పనిసరి, తుంటి ఎక్స్‌రే. సీపీ పిల్లల్లో కొందరికి తుంటి కీలు మెల్లగా పక్కకి జారుతుంటుంది, మొదట్లో నొప్పి కూడా ఉండదు. ఆస్ట్రేలియాలో చేసిన ఒక అధ్యయనంలో మూడో స్థాయి పిల్లల్లో నూటికి నలభై మందికి పైగా ఈ సమస్య కనిపించింది. కీలు బాగా జారి ఉన్నా, ఎముకలు పెళుసుగా ఉన్నా, ఫిట్స్ అదుపులో లేకపోయినా ఆ మెషిన్ ఎక్కించకూడదు. ఎక్స్‌రే అడగకుండా ముందు అడ్వాన్సు అడిగే సెంటర్‌ని ఏమనాలో మీరే చెప్పండి! పిక్క కండరం బిగుసుకుని మడమ నేలకు ఆనకపోతే ముందు దాని సంగతి చూడాలి, బొటాక్స్ ఇంజెక్షనో, వరసగా మార్చుతూ వేసే పిండికట్లో, స్ప్లింటో పిల్లల ఆర్థోపెడిక్ డాక్టరు చెప్తారు.

ఇవన్నీ చూసుకున్నాక, చేతిలో ఉన్న డబ్బుకి సరిపడా తక్కువ సెషన్లకే ఒప్పుకోండి. మొదలుపెట్టే రోజు, అయిపోయిన రోజు నేల మీద వాకర్‌తో పది మీటర్లు ఎంతసేపట్లో నడిచాడో కొలిపించి మీ ఫోన్లో వీడియో తీసుకోండి. మెషిన్ మీద తీసిన వీడియో లెక్కలోకి రాదు. నేల మీద తేడా లేకపోతే ఇంకో ప్యాకేజీ వద్దు.

ఈలోగా ఇంటి దగ్గరే చేయాల్సినవి బోలెడు. బాబుకి ఏం కావాలో వాడినే అడగండి. బాత్రూమ్‌కి సొంతంగా వెళ్ళాలంటాడో, బడిలో బెంచీ దాకా నడవాలంటాడో, రోజూ ఆ పనినే నిజంగా చేయిస్తూ ప్రాక్టీసు చేయించండి. ఊరికే కాళ్ళు పట్టి లాగడం కన్నా అదే ఎక్కువ ఫలితమిస్తుంది. మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) ఉంటే ఫిజియో దొరుకుతారు, జిల్లా ఆస్పత్రుల్లో డీఈఐసీలు (పిల్లల సమస్యలను తొందరగా గుర్తించి సాయం చేసే కేంద్రాలు) ఉన్నాయి. సదరం సర్టిఫికెట్ తీసుకుని నిరామయ బీమాకి (సీపీ లాంటి వైకల్యాలున్న వాళ్ళకు కేంద్ర ప్రభుత్వ ఆరోగ్య బీమా) అప్లై చేయండి, ఏడాదికి లక్ష దాకా వస్తుంది, థెరపీకి అందులో విడిగా పరిమితి ఉంది కాబట్టి ప్యాకేజీ మొత్తం వస్తుందనుకోవద్దు. ఇంకోటి, బయటికి చక్రాల కుర్చీ తీసుకోండి. నడక మానేస్తాడని చాలామంది భయపడతారు, కానీ ఆరేళ్ళవాణ్ణి చంకనేసుకుని తిరిగితే వాడు ఎక్కడికి వెళ్ళాలో ఎప్పుడూ మీరే నిర్ణయిస్తున్నట్టు.

ప్రశ్న: మా మనవరాలికి రెండున్నరేళ్ళు, సీపీ. ఇప్పుడే రోబో థెరపీ మొదలుపెడితే ఇంకా మంచిది కదా?
– ఒక తాతయ్య, కరీంనగర్

జవాబు: తొందరగా మొదలుపెట్టాలన్న మీ ఆలోచన నూటికి నూరుపాళ్ళు సరైంది బాబాయ్‌గారూ, రోబోకి మాత్రం ఇది వయసు కాదు. లోకోమాట్‌లో పిల్లల కోసం చేసిన చిన్న సైజుకి కూడా తొడ ఎముక కనీసం 21 సెంటీమీటర్లు ఉండాలి, మామూలుగా నాలుగేళ్ళ ప్రాంతంలో గానీ అంత రాదు. ఈ వయసులో ఆటే థెరపీ, పాప తనంతట తాను పాకి, పట్టుకుని లేచి, అందుకోవాలి. డీఈఐసీకి ఈ వారమే తీసుకెళ్ళండి, తుంటి ఎక్స్‌రే ఎప్పుడు తీయించాలో అక్కడే అడిగి రాయించుకోండి.