నాలుగేళ్ల బాబు పెరుగన్నం, పాలు, బిస్కెట్లు తప్ప ఏదీ ముట్టకపోతే: ముందు ఆకలి సంగతి చూడండి

మీరు రాసినదాన్ని బట్టి బాబుకి నాలుగేళ్లు. పెరుగన్నం, ఆలూ వేపుడు, బిస్కెట్లు, రోజుకు మూడు గ్లాసుల పాలు, అంతే. పప్పు, కూర కంచంలో కనిపిస్తే లేచిపోతాడు, ఫోన్ పెడితేనే నోరు తెరుస్తాడు. కూరగాయలు ఎలా అలవాటు చేయాలని అడిగారు. కూరగాయల కంటే ముందు వాడికి ఆకలి వేస్తోందా లేదా చూడాలి. ఆకలి లేని పిల్లాడి ముందు ఎన్ని రకాలు వండి పెట్టినా దండగే.

ఓసారి లెక్క వేయండి. గ్లాసు 200 మి.లీ. అనుకుంటే మూడు గ్లాసుల ఫుల్‌క్రీమ్ పాలు 500 కేలరీల పైమాటే. చక్కెర, చాక్లెట్ పొడి వేస్తే ఇంకో వంద చేరుతుంది. ఆ వయసుకి రోజంతటికీ కావాల్సింది సుమారు 1,300. అంటే పొట్ట సగం పాలతోనే నిండింది, పైన బిస్కెట్లు. ఇక పప్పుకి చోటెక్కడ? పైగా పాలలో ఐరన్ లేనట్టే లెక్క. పాలలోని కాల్షియం వేరే తిండిలోని ఐరన్‌ని కూడా సరిగ్గా ఒంటికి పట్టనివ్వదు. ఐరన్ తగ్గితే ఆకలి ఇంకా మందగిస్తుంది. పీచు లేని తిండితో మలబద్ధకం వస్తుంది. రెండు మూడు రోజులకోసారి ముక్కుతూ గట్టిగా వెళ్తుంటే, అన్నం దగ్గర వాడు చేసే పేచీలో సగం ఆ కడుపు బరువుదే. అది గమనించారా?

కాబట్టి మొదట పాలు. పెరుగు ఎలాగూ తింటున్నాడు కాబట్టి రోజుకు 300 నుంచి 400 మి.లీ. చాలు. ఒక్కసారిగా ఆపకండి. మూడు రోజులకోసారి గ్లాసులో 50 మి.లీ. తగ్గిస్తూ పోండి, రెండు వారాల్లో వాడికి తెలియకుండానే దారికొస్తుంది. పడుకునే ముందు సీసాతో తాగే అలవాటు ఇంకా ఉంటే అదే ముందు మానిపించండి, పళ్లకి కూడా చేటు. చాక్లెట్ పొడి బలానికని వేస్తుంటే, 2024 ఏప్రిల్‌లో కేంద్ర వాణిజ్య శాఖే అలాంటి పొడుల్ని ‘హెల్త్ డ్రింక్స్’ విభాగంలోంచి తీసేయమని ఆన్‌లైన్ అమ్మకం సైట్లకు చెప్పిన సంగతి గుర్తుపెట్టుకోండి. డబ్బా వెనక చక్కెర ఎన్ని గ్రాములో చదివితే మీకే అర్థమవుతుంది.

తర్వాత టైము. టిఫిన్ ఏడున్నరకి, బడిలో స్నాక్ పదిన్నరకి, భోజనం ఒంటిగంటకి, పాలూ పండూ నాలుగున్నరకి, రాత్రి అన్నం ఏడున్నరకి. మీ ఇంటి వేళల్ని బట్టి అటూ ఇటూ జరపండి గానీ మధ్యలో రెండున్నర నుంచి మూడున్నర గంటల ఎడం ఉండాలి. ఆ ఎడంలో మంచినీళ్లు తప్ప ఇంకేమీ వద్దు. ఎక్కువ ఇళ్లలో ఇక్కడే దెబ్బతింటుంది. అన్నం వద్దని లేచిన పావుగంటకి ‘పాపం బిడ్డ ఏమీ తినలేదు’ అని నానమ్మ చేతిలో రెండు బిస్కెట్లు పెడుతుంది. అన్నం వద్దంటే బిస్కెట్ వస్తుందని వాడు ఒక్క పూటలో నేర్చేసుకుంటాడు. పెద్దవాళ్లతో వాదన పెట్టుకోకండి. నాలుగున్నర పాలూ పండూ బాధ్యత వాళ్లకే అప్పజెప్పండి, వాళ్ల ముద్దు మురిపెం తీరడానికి ఒక వేళ దొరుకుతుంది. బిస్కెట్ డబ్బా మాత్రం ఇంట్లో ఉండకూడదు. ఉంటే ఎవరో ఒకరు తీస్తారు.

ఫోన్‌ని పాలతో పాటు అదే వారం ఆపకండి. రెండూ ఒకేసారి పోతే ఇల్లు రణరంగమే. పాలు తగ్గి ఆకలి మొదలయ్యాక, ముందు రాత్రి పూట ఆపండి, ఎందుకంటే ఆ పూట ఇంట్లో అందరూ కలిసి కూర్చోవచ్చు. మొదటి వారం వాడు సగమే తింటాడు. కంగారుపడి మళ్లీ ఫోన్ ఇస్తే మొదటికొచ్చినట్టే. ఫోన్ చూస్తూ తిన్న పిల్లాడికి నోట్లో ఏముందో, కడుపు ఎప్పుడు నిండిందో తెలియదు. అందుకే ఎన్నాళ్లు తినిపించినా కొత్త రుచి అలవాటు కాదు.

అమెరికన్ పోషకాహార నిపుణురాలు ఎలిన్ శాటర్ చెప్పిన పద్ధతి ఒకటుంది: ఏం పెట్టాలి, ఎప్పుడు, ఎక్కడ అన్నది పెద్దవాళ్ల పని. తినాలా వద్దా, ఎంత అన్నది పిల్లాడి పని. మన ఇళ్లలో కష్టమయ్యేది ఈ రెండో సగమే. ‘ఇంకొక్క ముద్ద’ అనకుండా ఉండటం నిజంగా చేతకాదు మనకి. కానీ బలవంతంగా నోట్లో కుక్కిన ముద్ద ఆ కూర మీద ఏవగింపునే మిగులుస్తుంది. ఇరవై, ఇరవై అయిదు నిమిషాలు చూసి, తిన్నా తినకపోయినా కంచం తీసేయండి. కోపం వద్దు, బతిమాలడం వద్దు.

మన భోజనంలో ఒక చిక్కుంది. పప్పు, కూర, చారు అయ్యాక చివర్లో పెరుగు వస్తుందని వాడికి తెలుసు. అందుకే పెరుగు కోసం కాచుకుని కూర్చుంటాడు. ‘కూర తింటేనే పెరుగు’ అంటే కూర శిక్ష, పెరుగు బహుమతి అవుతుంది. అలా కాకుండా కంచంలో అన్నీ ఒకేసారి పెట్టండి: నాలుగు ముద్దల పెరుగన్నం, ఒక చెంచా పప్పన్నం, శనగగింజంత కూర ముక్క ఒకటి. ఆ ముక్క తినక్కర్లేదు, కంచంలో ఉంటే చాలు. ముట్టుకుంటే మంచిదే, నాకి ఊసేసినా మంచిదే. కొత్త రుచి ఒప్పుకోవడానికి పది పదిహేను సార్లు పట్టడం మామూలు. చాలామంది మూడోసారికే ‘వాడికి బీరకాయ పడదు’ అని తేల్చేస్తారు. రెండు నుంచి ఆరేళ్ల మధ్య కొత్త తిండంటే బెదరడం వయసుతో వచ్చేదే. అలవాటయ్యాక కూడా ఆ వయసుకి ఒక పూటకి మూడు నాలుగు టేబుల్‌స్పూన్ల కూర చాలు, మన గరిటెతో కొలవకండి.

ఇంకో సంగతి చాలామందికి తట్టదు: మనం తినే కూర వాడికి మంట. కూర ఉడికి ఉప్పు, పసుపు పడ్డాక, కారం వేయకముందే వాడికి రెండు గరిటెలు పక్కకి తీసి, తర్వాత మనకి కారం వేసుకోండి. విడిగా వండే పని లేదు.

ఏ కూరతో మొదలుపెట్టాలి? వాడు తినేదానికి దగ్గరగా ఉన్నదానితో. ఆలూ వేపుడు తింటున్నాడు కాబట్టి అందులోనే నాలుగో వంతు చిలగడదుంప ముక్కలు వేయండి. అది కుదిరాక క్యారెట్, ఆ తర్వాత బెండకాయ. మెత్తగా జారిపోయే సొరకాయ, వంకాయ ఆఖరికి ఉంచండి. చాలామంది పిల్లలకి చిక్కు రుచి దగ్గర కంటే ఆ మెత్తదనం దగ్గరే.

బెండకాయలు కడిగి, గుడ్డతో పొడిగా తుడిచాకే కోయాలి. కోసిన ముక్కల్ని అరగంట పళ్లెంలో ఆరనివ్వండి. వెడల్పు మూకుడులో నూనె బాగా కాగాక వేసి, మూత పెట్టకుండా, అస్తమానం కలపకుండా వేయించండి. ఉప్పు చివరి రెండు నిమిషాల్లోనే. ముందే వేస్తే నీరు దిగి జిగురు సాగుతుంది, ఆ జిగురు ఒక్కసారి నాలుకకి తగిలిందంటే నెల రోజులు బెండకాయ పేరెత్తనివ్వడు.

కూరలు అలవాటయ్యేలోపు పోషకాల లోటు దోసెల్లో, పొడుల్లో పూడ్చుకోవచ్చు. రాగుల్లో 100 గ్రాములకి సుమారు 350 మి.గ్రా. కాల్షియం ఉంటుంది. మామూలు దోసె పిండి ఒక గ్లాసుకి ముందు రెండు చెంచాల రాగిపిండి కలపండి, వారానికో చెంచా పెంచండి. సగానికి మించితే దోసె పెనానికి అంటుకుని విరిగిపోతుంది, రంగు చూసి వాడూ వద్దంటాడు.

మునగాకు పొడికి ఆకు ఈనెలు లేకుండా దూసి, కడిగి, నీడలో గుడ్డ మీద రాత్రంతా ఆరబెట్టండి. రెండు కప్పుల ఆకుకి మినప్పప్పు, శనగపప్పు, నువ్వులు రెండేసి చెంచాలు, జీలకర్ర ఒక చెంచా, ఎండుమిర్చి ఒకటి, చింతపండు ఉసిరిగింజంత. పప్పులు, మిర్చి విడిగా దోరగా వేయించండి. ఆకు సన్న సెగ మీద వేయించి, వేళ్లతో నలిపితే పొడవ్వాలి గానీ రంగు పచ్చగానే ఉండాలి. నల్లబడితే చేదు, తడి మిగిలితే వారంలో బూజు. ఉప్పు వేసి ముందు పప్పులు, చివర్లో ఆకు తిప్పండి. వేడన్నంలో నెయ్యితో పావు చెంచా చాలు మొదట్లో. ‘ఇందులో ఏముంది’ అని అడిగితే మునగాకే అని చెప్పండి. దాచి పెట్టి దొరికిపోతే వాడు తినే ఆ నాలుగు కూడా అనుమానంగా చూస్తాడు.

ఇవన్నీ మీ చేతిలో ఉన్నవి. డాక్టర్‌కి చూపించాల్సినవి వేరే: ఆరు నెలలుగా బరువు పెరగకపోవడం, ముక్క నోట్లో పెడితే ప్రతిసారీ ఓకరించడం, ఇదివరకు తిన్నవి కూడా ఒక్కొక్కటే మానేయడం, మట్టి, బలపం, పచ్చి బియ్యం నమలడం. చివరిది చాలాసార్లు ఐరన్ లోపానికి గుర్తు. హిమోగ్లోబిన్ చూపించండి, ఈ వయసులో 11 కంటే తక్కువ ఉంటే రక్తహీనతే. నులిపురుగుల మాత్ర ఏటా ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న అంగన్‌వాడీల్లో, బడుల్లో వేస్తారు, అది తప్పిపోయిందేమో కనుక్కోండి. మందుల షాపులో అడిగి ఐరన్ సిరప్ తెచ్చి పోయకండి. డాక్టర్ రాస్తే మాత్రం పాలతో కాకుండా, పాలకి రెండు గంటల ఎడం ఇచ్చి నిమ్మరసంతో పట్టండి. వెంటనే నీళ్లు పుక్కిలింపించండి, లేకపోతే పళ్లు నల్లబడతాయి.